బ్యాటరీ షాపు నుంచి లిథియం ప్యాక్ దాకా: క్రిస్టినా లాంపె ఒనెరుడ్ గురించి చదివాక ఒక సందేహం

పాతూరు_బ్యాటరీ (అనంతపురం) | శుక్రవారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. అనంతపురం పాతూరులో మాది ఇన్వర్టర్, ఆటో బ్యాటరీల షాపు. నాన్న 1994లో పెట్టాడు. ఆయనకు మోకాళ్ల నొప్పులు వచ్చినప్పటి నుంచి, అంటే ఆరేళ్లుగా, నేనే కూర్చుంటున్నా. ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. ఇప్పటికీ కొత్తవాళ్లు లోపలికి తొంగిచూసి "సార్ లేరామ్మా?" అంటారు. నేనే చూస్తాను చెప్పండన్నా అంటే "సార్ వచ్చినాక వస్తాంలే" అని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

అసలు సంగతి ఇది. ఏడాదిగా ఈ-ఆటోల వాళ్లు లెడ్ యాసిడ్ వద్దు, లిథియం కావాలి అంటున్నారు. బెంగళూరు నుంచి రెడీమేడ్ ప్యాకులు తెచ్చి అమ్మితే మిగిలేది రవాణాకే సరిపోతోంది. సెల్స్ కొని నేనే ప్యాక్ కట్టి అమ్మితే ఎలా ఉంటుందని ఆలోచన. దాని కోసం వెతుకుతుంటే క్రిస్టినా లాంపె ఒనెరుడ్ అనే ఆవిడ గురించి దొరికింది. స్వీడన్ నుంచి అమెరికా వెళ్లి బోస్టన్ పవర్ అనే బ్యాటరీ కంపెనీ పెట్టిందట. అది చేయి దాటాక కాడెన్జా ఇన్నోవేషన్ అని ఇంకోటి పెట్టిందట. రెండు రాత్రులు అదే చదువుతూ కూర్చున్నా.

ఆమె మొదటి కంపెనీ ఎందుకు చేయి దాటింది? రెండోసారి సెల్‌ను వదిలి దాన్ని పెట్టే డబ్బా మీద ఎందుకు పడింది? ఇందులో నా షాపుకు పనికొచ్చేది ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

ప్రొద్దుటూరు_పసిడి (ప్రొద్దుటూరు) | శుక్రవారం రాత్రి 10:15

అమ్మా, ఆమె స్వీడన్‌లో పీహెచ్‌డీ చేసి ఎంఐటీకి పోయిన మనిషి. ఆ లెక్కలు మన బజారుకు అతకవు. ప్యాకులు తెచ్చి అమ్ముకో. మార్జిన్ తక్కువైనా రాత్రి నిద్ర పడుతుంది. నువ్వు కట్టిన ప్యాక్ ఒక్కటి అంటుకుంటే నాన్న ముప్పై ఏళ్ల పేరు ఒక్క పూటలో పోతుంది. నేను బంగారం వ్యాపారిని, బ్యాటరీల గురించి నాకేమీ తెలియదు, కానీ పేరు పోతే ఏమవుతుందో తెలుసు.

---

కడప_కెమిస్ట్రీ (కడప) | శుక్రవారం రాత్రి 10:58

నేను రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్‌ని. ఈమె గురించి కొంత తెలుసు కాబట్టి వివరంగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

క్రిస్టినా ఉప్సాలా యూనివర్సిటీలో ఇనార్గానిక్ కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసింది. ఎంఐటీలో పోస్ట్‌డాక్. ఆ తరువాత ఆర్థర్ డి లిటిల్ అనే కన్సల్టింగ్ సంస్థలో బ్యాటరీ పరిశోధన. అక్కడి పని ఎలాంటిదంటే, వేరే కంపెనీలు తమ సెల్స్‌కు వచ్చిన జబ్బులు పట్టుకొస్తాయి, వీళ్లు విప్పి చూసి కారణం చెప్పాలి. ఒక రకంగా బ్యాటరీలకు పోస్ట్‌మార్టం. ఎవరి సెల్ ఎక్కడ చెడుతుందో ఏళ్ల తరబడి చూసిన మనిషి 2005లో సొంతంగా బోస్టన్ పవర్ పెట్టింది. నా దృష్టిలో పీహెచ్‌డీ కన్నా ఈ అనుభవమే ఆమె అసలు పెట్టుబడి.

మరుసటి ఏడాదే, అంటే 2006 ఆగస్టులో, సోనీ సెల్స్ ఉన్న 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను డెల్ వెనక్కి పిలిచింది. సెల్ తయారయ్యేటప్పుడు లోపల సన్నటి లోహపు రజను ఉండిపోయి షార్ట్ అయ్యేది. డెల్ తరువాత మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. సురక్షితమైన, ఎక్కువ కాలం మన్నే సెల్ ఇస్తానని ఎవరైనా అంటే ల్యాప్‌టాప్ కంపెనీలు చెవి ఒగ్గి వినే రోజులవి.

ఆమె సెల్ పేరు సొనాటా. మనకు తెలిసిన 18650 గుండ్రటి సెల్స్ (18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవు) రెండింటిని పక్కపక్కన పెట్టి ఒకే తొడుగు వేసినట్టు ఉండేది. హెచ్‌పీ దాన్ని తీసుకుని 2009లో ఎన్విరో పేరుతో మూడేళ్ల వారంటీ ఇచ్చి అమ్మింది. ల్యాప్‌టాప్ బ్యాటరీకి ఏడాది వారంటీ ఇవ్వడానికే ఆలోచించే కాలం అది.

---

పెన్నా_పాప (కడప) | శుక్రవారం రాత్రి 11:20

సార్, నేను ఈఈఈ ఫైనలియర్. మా సిలబస్‌లో బ్యాటరీ అంటే ఇప్పటికీ లెడ్ యాసిడ్ బొమ్మ, రెండు రియాక్షన్లు, అంతే. హెచ్‌పీ లాంటి కస్టమర్ దొరికాక కూడా కంపెనీ ఎందుకు చేజారింది?

---

కడప_కెమిస్ట్రీ | శుక్రవారం రాత్రి 11:41

ఫ్యాక్టరీ కట్టడానికి డబ్బు చాలక, అమ్మా. లిథియం సెల్ తయారీకి తేమ లేని గదులు కావాలి, రేకులకు పూత పూసే యంత్రాలు కావాలి. ఉత్పత్తి భారీగా ఉంటే తప్ప ధర దిగదు. 2009లో అమెరికా ప్రభుత్వం బ్యాటరీలకు, ఎలక్ట్రిక్ వాహనాలకు పెద్ద మొత్తంలో ఉద్దీపన నిధులు పంచింది. బోస్టన్ పవర్ కూడా మసాచుసెట్స్‌లోనే, ఆబర్న్ అనే ఊళ్లో ప్లాంటు కడతానని అడిగింది. రాలేదు. చివరికి 2011లో చైనాలో పనిచేసే జీఎస్ఆర్ వెంచర్స్ అనే పెట్టుబడుల సంస్థ ముందుండి 12.5 కోట్ల డాలర్లు సమకూర్చింది, తయారీ చైనాకు మళ్లింది. అప్పటికే సీఈఓ కుర్చీలో వేరొకరు కూర్చున్నారు. కొంతకాలానికి ఆమె బయటికి వచ్చేసింది.

---

ప్రొద్దుటూరు_పసిడి | శుక్రవారం రాత్రి 11:52

చూశారా. నేను చెప్పింది అదే కదా. సొమ్ము ఎవరిదైతే సెల్ వాళ్లదే.

---

ఓర్వకల్లు_ఎండ (కర్నూలు) | శనివారం ఉదయం 6:30

పసిడి అన్నా, పొద్దున్నే గొడవ పెట్టుకోకూడదు అనుకుంటూనే రాస్తున్నా. కంపెనీ చేజారడం వేరు, మనిషి ఓడిపోవడం వేరు. ఆమె మధ్యలో కొద్ది రోజులు బ్రిడ్జ్‌వాటర్ అనే పెట్టుబడుల సంస్థలో పనిచేసి, 2012లో కాడెన్జా పెట్టింది. ఈసారి వేల కోట్ల ఫ్యాక్టరీ జోలికే పోలేదు. డిజైన్ చేసి పేటెంట్ తీసుకుని, ఫ్యాక్టరీలు ఉన్నవాళ్లకు లైసెన్స్ ఇచ్చే పద్ధతి ఎంచుకుంది. మొదటిసారి ఎక్కడ దెబ్బ తగిలిందో రెండోసారి అక్కడ నిలబడలేదు. 2018లో వరల్డ్ ఎకనామిక్ ఫోరం వాళ్లు కాడెన్జాను టెక్నాలజీ పయనీర్ల జాబితాలో చేర్చారు.

నేను సోలార్ ప్లాంట్లలో మెయింటెనెన్స్ పనిచేస్తాను. మా ఓర్వకల్లు వైపు గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. మధ్యాహ్నం కరెంటు పొంగిపోతుంది, సాయంత్రం ఏడుకు అందరికీ కావాలి, మాకు ఒక్క యూనిట్ ఉండదు. దాచుకోవడం ఎలా అనేదే ఇప్పుడు అసలు పని. పాణ్యం దగ్గర పిన్నాపురంలో నీళ్లను కొండ మీదికి ఎక్కించి దించే పంప్డ్ స్టోరేజీ కట్టారు, 1680 మెగావాట్లు. మా వాళ్లు "కర్నూలుకు కొండే బ్యాటరీ" అని జోకు వేస్తుంటారు. కానీ ఊరికో కొండ దొరకదు కదా.

---

గుంతకల్లు_గార్డు (గుంతకల్లు) | శనివారం ఉదయం 7:05

రైల్వే పెట్టెల కింద 110 వోల్టుల లెడ్ బ్యాటరీ పెట్టెలను 28 ఏళ్లు చూసినవాణ్ని. మేలో వాటికి నీళ్లు పట్టించడమే ఒక ఉద్యోగం. ఇక్కడ డబ్బా డబ్బా అంటున్నారు, ఆ డబ్బాలో ఏముందో ఎవరూ చెప్పలేదు. సార్ చెప్తారా?

---

హోసూరు_రాజు (ఊరు తాడిపత్రి, ఉండేది హోసూరు) | శనివారం ఉదయం 8:12

సార్ చెప్పే లోపు నేను చెప్తాను, ఇది నా రోజువారీ పని. ప్యాక్ అసెంబ్లీలో ఎనిమిదేళ్లుగా ఉన్నా.

లిథియం సెల్ లోపల ఏముంటుంది? పూత పూసిన రేకులు రెండు, మధ్యలో పల్చటి పొర, మూడూ కలిపి చాప చుట్టినట్టు చుడతారు. దీన్ని మేం జెల్లీ రోల్ అంటాం. ఆ చుట్టను ఒక డబ్బాలో పెట్టి ఎలక్ట్రొలైట్ అనే ద్రవం పోసి మూస్తే సెల్. ఇలాంటి సెల్స్ వందలు, వేలు కలిపితే ప్యాక్. ఒక సెల్ లోపల షార్ట్ అయితే వేడెక్కుతుంది, ఆ వేడికి రసాయన చర్య పెరుగుతుంది, దాంతో ఇంకా వేడి. ఒక దశ దాటితే ఆపలేం. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. ఒక్క సెల్ పోవడం పెద్ద నష్టం కాదు. దాని వేడికి పక్క సెల్, దాని వేడికి ఆ పక్కది అంటుకోవడమే ప్రమాదం.

కాడెన్జా వాళ్ల సూపర్‌సెల్ అనే డిజైన్‌లో ఏం చేశారంటే, ఆ చుట్టలకు విడివిడి డబ్బాలు తీసేసి, వేడిని ఆపే సెరామిక్ ఫైబర్ దిమ్మలో గుంతలు చేసి, గుంతకో చుట్ట దించి, మొత్తానికి ఒకే మూత వేశారు. మన గుంతపొంగణాల పెనం గుర్తు తెచ్చుకోండి. ఒక గుంతలో పిండి మాడినా పక్క గుంతలోకి పోదు. ఆ దిమ్మ వేడిని మింగేసి పక్క చుట్టకు చేరనివ్వదు. విడి డబ్బాలూ వాటి మధ్య అతుకులూ తగ్గాయి కాబట్టి ఖర్చూ తగ్గుతుంది. భద్రత పెంచితే ఖరీదు పెరుగుతుందనే మాటను ఈ ఒక్క డిజైన్ తిరగేసింది. నాకు ఆమెలో నచ్చింది అదే.

---

కదిరి_మల్లె (కదిరి) | శనివారం ఉదయం 8:40

ఇది మా రైతులకు పాత సంగతే రాజూ. వేరుశనగ కట్టె వాములు ఆనించి వేయం. నడుమ బండి పట్టేంత సందు వదులుతాం. ఒకదానికి నిప్పు పడితే ఇంకోటైనా మిగలాలని. దానికి ఆమెకు పేటెంట్ ఇచ్చారు, మా నాయనకు ఎవరూ ఇయ్యలేదు 😄

---

హోసూరు_రాజు | శనివారం ఉదయం 8:44

అక్కా, బండి పట్టేంత సందు వదిలితే ఆటోలో బ్యాటరీ పట్టదు. సందు లేకుండానే వాములు కాలకుండా చేసినందుకే పేటెంట్!

---

పాతూరు_బ్యాటరీ | శనివారం మధ్యాహ్నం 1:30

పొంగణాల పెనం మాట మా అమ్మకు చదివి వినిపించాను. "బ్యాటరీల గురించి ఇన్నాళ్లకు నాకు అర్థమైంది" అంది.

రాజూ, నా ప్లాన్ చెప్తాను, తిట్టాలనిపిస్తే తిట్టు. ఒకాయన పాత సెల్స్ చాలా తక్కువ ధరకు ఇస్తానంటున్నాడు. కెపాసిటీ టెస్ట్ చేసి గ్రేడ్ చేసినవేనట. వాటితో ఈ-ఆటోకు ప్యాక్ కడితే సగానికి సగం మిగులుతుంది.

---

హోసూరు_రాజు | శనివారం మధ్యాహ్నం 2:05

తిడుతున్నాను అక్కా. వద్దే వద్దు.

గతంలో నేను పనిచేసిన ఒక చోట, పేరు వద్దులెండి, పాత సెల్స్‌కు కొత్త తొడుగు వేసి కొత్తవని పంపేవాళ్లు. టెస్ట్‌లో కెపాసిటీ బాగానే చూపిస్తుంది. కానీ ఒక సెల్ ఎంత ఎండలో పడి ఉందో, ఎన్నిసార్లు పూర్తిగా ఖాళీ అయిందో ఏ మీటరూ చెప్పదు. మూడు నెలలకు ప్యాక్‌లో ఒక సెల్ వెనకబడుతుంది. బీఎంఎస్, అంటే ప్యాక్‌లో సెల్స్‌ను కాపలా కాసే సర్క్యూట్ బోర్డు, దాన్ని చూసి మొత్తం ప్యాక్‌నే ఆపేస్తుంది. కస్టమర్ నడిరోడ్డు మీద నిలబడి మీకు ఫోన్ చేస్తాడు. అదీ అదృష్టం బాగుంటే. బీఎంఎస్ కూడా చవకది వేసి ఉంటే అది ఆపదు.

ఇంకో సంగతి. 2022లో స్కూటర్లు వరుసగా కాలాక కేంద్రం ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ భద్రతకు ఉన్న ఏఐఎస్-156 నిబంధనలను గట్టి చేసింది. మొదటి దశ 2022 డిసెంబరు నుంచి, రెండో దశ 2023 మార్చి చివరి నుంచి. ఒక సెల్‌ను కావాలని చెడగొట్టి, మంట ప్యాక్ బయటికి రాకుండా ఉంటుందా అని పరీక్షిస్తారు. క్రిస్టినా ఏళ్ల తరబడి చెప్పుకొచ్చినదే ఇక్కడ చట్టమైంది. బండికి ఆమోదం వచ్చేది దాని బ్యాటరీతో కలిపి. ఆమోదం లేని ప్యాక్ మీరు రోడ్డు మీది ఆటోకు బిగిస్తే, రేపు ఏమైనా జరిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

---

ప్రొద్దుటూరు_పసిడి | శనివారం మధ్యాహ్నం 2:20

నేను నిన్న రాత్రే చెప్పాను. ఇంగ్లీషు పేర్లు లేకుండా చెప్తే ఎవరూ వినరు.

---

పాతూరు_బ్యాటరీ | శనివారం మధ్యాహ్నం 2:26

నిజమే పసిడన్నా, మీకు దండం. పాత సెల్స్ ఆయనకు ఇప్పుడే వద్దని మెసేజ్ పెట్టాను. మరి లిథియం ఊసే వదిలేయాలా రాజూ?

---

హోసూరు_రాజు | శనివారం మధ్యాహ్నం 3:10

ఎందుకు వదలాలి? రోడ్డెక్కని వాటితో మొదలుపెట్టండి. ఇన్వర్టర్ ప్యాకులు, రైతుల మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లు. స్ప్రేయర్‌లో ఉండే చిన్న 12 వోల్టుల లెడ్ బ్యాటరీ ఒక సీజన్ దాటదు, మీకు తెలిసిందే. దాని బదులు ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ నాలుగు వరసగా వేస్తే 12.8 వోల్టులు. బరువు బాగా తగ్గుతుంది, వీపు మీద మోసేవాడికి అదే ముఖ్యం. ఇంటి ఇన్వర్టర్‌కు పదహారు వేస్తే 51.2 వోల్టులు. ఛార్జర్ మాత్రం లిథియందే ఇవ్వాలి, పాత ఛార్జర్‌తో సర్దుకోమని చెప్పొద్దు.

ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం వద్దు, ఎల్ఎఫ్‌పీయే తీసుకోండి. బరువుకు తగ్గ కరెంటు కొంచెం తక్కువ, కానీ అదుపు తప్పాలంటే ఎన్ఎంసీ కన్నా చాలా ఎక్కువ వేడి కావాలి. అలాగని కాలదని కాదు. గుండ్రటివి కాకుండా పలక సెల్స్ కొంటే స్పాట్ వెల్డింగ్ అక్కర్లేదు, బస్‌బార్ (సెల్స్‌ను కలిపే లోహపు పట్టీ) పెట్టి నట్లు బిగించడమే. ఆ బిగింపు చేతి అంచనాతో చేయొద్దు, ఎంత బిగించామో కొలిచి చూపించే టార్క్ రెంచ్ కొనండి. నట్టు లూజైతే అక్కడే వేడి పుడుతుంది. పలక సెల్స్ వాడేకొద్దీ కాస్త ఉబ్బుతాయి, రెండు చివర్లా గట్టి ప్లేట్లు పెట్టి అదిమి కట్టాలి.

ఇక మన ఎండ. చాలా రకాల సెల్స్‌కు 45 డిగ్రీలు దాటాక ఛార్జింగ్ పెట్టకూడదని డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది. అనంతపురంలో మేలో బయటే 42, రేకుల షెడ్డులో మూసిన డబ్బాలో ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. టెంపరేచర్ సెన్సర్ ఉన్న బీఎంఎస్సే కొనండి. ఆ సెన్సర్ వైరును డబ్బా గోడకు కాదు, మధ్య సెల్‌కు అంటించండి. మధ్యదే ఎక్కువ వేడెక్కేది.

---

పెన్నా_పాప | శనివారం సాయంత్రం 5:45

మధ్యలో వస్తున్నందుకు సారీ. ఇంకెవరైనా ఆడవాళ్లు ఉన్నారా ఈ రంగంలో? నేను బ్యాటరీల్లో ఎంటెక్ చేస్తానంటే ఇంట్లో "సాఫ్ట్‌వేర్ చేసుకోమ్మా, ఆ యాసిడ్ పని ఎందుకు" అంటున్నారు.

---

కడప_కెమిస్ట్రీ | శనివారం సాయంత్రం 6:30

ఉన్నారమ్మా. మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆన్ మేరీ శాస్త్రి 2007లో సాక్తి3 అనే కంపెనీ పెట్టింది. ద్రవ ఎలక్ట్రొలైట్ లేని సాలిడ్ స్టేట్ సెల్ చేస్తానంది. వాక్యూమ్ క్లీనర్ల డైసన్ కంపెనీ 2015లో దాన్ని 9 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆ తరువాత రెండేళ్లకే యూనివర్సిటీ నుంచి వచ్చిన పేటెంట్ల లైసెన్సును వదులుకుంది. ఈమె పందెం కొత్త రసాయనం మీద. క్రిస్టినా పందెం ఉన్న రసాయనాన్ని బుద్ధిగా సర్దడం మీద. నేను కెమిస్ట్రీ మాస్టారిని అయ్యుండీ రెండోదాని వైపే ఉంటాను, ఎందుకంటే సర్దుబాటు ఇప్పటి సెల్‌కూ పనికొస్తుంది, రేపటి సెల్‌కూ పనికొస్తుంది.

ఇంకో మాట మీ ఇంట్లో చెప్పు. క్రిస్టినా భర్త పెర్ ఒనెరుడ్ కూడా బ్యాటరీ శాస్త్రవేత్తే, రెండు కంపెనీల్లోనూ ఆమెతో పనిచేశాడు. ఆమె సీఈఓ, ఆయన టెక్నాలజీ వైపు. ఇలాంటి అల్లుడు దొరుకుతాడని ఆశ పెట్టు, ఎంటెక్‌కు ఒప్పుకుంటారు.

---

పెన్నా_పాప | శనివారం సాయంత్రం 6:34

సార్!! 🙈

---

ఓర్వకల్లు_ఎండ | శనివారం రాత్రి 8:15

పాతూరు అక్కా, డబ్బు సంగతి. పీఎంఈజీపీ చూడండి, కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లకు సబ్సిడీతో బ్యాంకు లోను ఇప్పించే కేంద్ర పథకం. తయారీ యూనిట్‌కు 50 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. ఆడవాళ్లు ప్రత్యేక కేటగిరీలో వస్తారు, పట్నంలో 25 శాతం, పల్లెలో 35 శాతం సబ్సిడీ, సొంతంగా పెట్టాల్సింది 5 శాతం. కొత్త యూనిట్లకే ఇస్తారు కాబట్టి ఉన్న షాపు పేరు మీద కాకుండా ప్యాకుల పనికి వేరే యూనిట్‌గా పెట్టండి. మీరు షెడ్డు ఊరి బయట పల్లె పరిధిలో పెడితే తేడా చాలా ఉంటుంది.

---

పాతూరు_బ్యాటరీ | శనివారం రాత్రి 9:02

ఒక బ్యాంకులో మేనేజర్ ముందు కూర్చుని ఇదే అడిగాను తమ్ముడూ, పోయిన ఏడాది. "మీ ఆయన ఏం చేస్తారు? ఆయన్ని తీసుకురండి" అన్నాడు. మా ఆయన హైస్కూల్‌లో తెలుగు టీచర్. ఆయన వచ్చి కూర్చుంటే మేనేజర్ అరగంట ఆయనకే బ్యాటరీల గురించి వివరించాడు. మా ఆయన వినయంగా తల ఊపి, చివర్లో "ఇవన్నీ ఆమెకు చెప్పండి సార్, నాకు టార్చిలైటులో సెల్ ఎటు పెట్టాలో కూడా తెలియదు" అన్నాడు. లోను రాలేదు, అది వేరే సంగతి. ఈసారి ప్రాజెక్టు రిపోర్టు రాసుకుని వేరే బ్రాంచికి వెళ్తాను.

---

గుంతకల్లు_గార్డు | శనివారం రాత్రి 9:20

మీ ఆయనకు నా నమస్కారాలు చెప్పమ్మా.

పాత లెడ్ బ్యాటరీల వ్యాపారం మాత్రం ఆపొద్దు. వాటికి స్క్రాప్ విలువ ఉంది. 2022 బ్యాటరీ వ్యర్థాల రూల్స్ వచ్చాక పాతవి ఎవరికిపడితే వాళ్లకు ఇవ్వకూడదు, రిజిస్టరైన రీసైక్లర్‌కే చేరాలి. లిథియంకూ అదే రూలు. షాపు వెనక ఉబ్బిన సెల్స్ కుప్ప వేసి పెట్టుకోకండి.

---

పాతూరు_బ్యాటరీ | ఆదివారం రాత్రి 8:40

అప్‌డేట్. పొద్దున కూర్చుని లెక్క వేశాను. ఈ-ఆటో ప్యాకులు కంపెనీవే, సర్టిఫికెట్ ఉన్నవే తెచ్చి అమ్ముతాను, మిగిలినంత మిగలనీ. నా చేత్తో కట్టేవి స్ప్రేయర్ ప్యాకులు. ముందు ఇరవై మాత్రమే, కొత్త ఎల్ఎఫ్‌పీ సెల్స్‌తో, తెలిసిన రైతులకే. ఒక్కో ప్యాక్‌కు నంబరు వేసి, ఏ సెల్ ఎంత వోల్టేజీ ఉందో పుస్తకంలో రాసి పెడతాను. క్రిస్టినా ముందు ఏళ్ల తరబడి వేరేవాళ్ల సెల్స్ ఎందుకు చెడ్డాయో చూసిందని సార్ రాశారు కదా, నేను ఒక సీజన్ నా ప్యాకులు ఎందుకు చెడతాయో చూస్తాను. ఇన్వర్టర్ ప్యాకుల సంగతి దసరా తరువాత.

టార్క్ రెంచ్ ఆర్డర్ పెట్టాను. దాని ధర చూసి నాన్న "నట్టు బిగించడానికి ఇంత ఖరీదైన పానానా?" అన్నాడు. తరువాత పొంగణాల పెనం కథంతా చెప్పాను. అంతా విని ఒకటే అడిగాడు: "లెడ్ బ్యాటరీ అయితే మేలో నీళ్లు తగ్గినాయని పైనుంచే కనపడుతుంది. దీనికి నీళ్లూ లేవు, మూతా లేదంటివి. ఎండకు ఇది అలసిపోయిందని రైతుకు ఎట్లా తెలుస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. రాజూ, వచ్చే ఆదివారం తాడిపత్రి వస్తున్నావా? వస్తే షాపుకు రా. నాన్నకు నువ్వే చెప్పాలి.

---

హోసూరు_రాజు | ఆదివారం రాత్రి 9:11

వస్తాను అక్కా. పన్నెండు లోపే వస్తాను. ప్యాక్ మీద మూడు రంగుల చిన్న లైటు పెట్టొచ్చు, ఆ బోర్డు ఒకటి తెస్తాను. ఎర్ర లైటు ఎన్ని డిగ్రీలకు వెలగాలో మాత్రం నాన్ననే అడుగుదాం, అనంతపురం ఎండ ఆయనకు తెలిసినంత నాకు తెలియదు.

---

కదిరి_మల్లె | ఆదివారం రాత్రి 9:30

మొదటి ఇరవైలో ఒకటి నాకు రాసిపెట్టు అక్కా. మా స్ప్రేయర్ పోయిన వారమే పడుకుంది.